నారు పోసినవాడు నీరు పోయడా, పోయునా?

(చెన్నైలో ఏ పేటవారు మాట్లాడుతున్నారో ఆ పేట పేరే ముందుంది.)

మాంబలం: ఎవరింట పురుడు వచ్చినా మా అమ్మమ్మ "నారు పోసినవాడు నీరు పోయడా" అనేది. మొన్న ఒక సభలో వక్త "పోయునా" అన్నారు. భరోసా కాస్తా అనుమానమైపోయింది. ఏది పాతది?

పెరంబూరు: పోయడా. సందేహమే లేదు. 'పోయునా' అంటే అది ఇంగ్లీషు ఆర్థికవేత్త మాల్థస్ సామెత. జనం రెట్టింపు మీద రెట్టింపు అవుతుంటే తిండి కూడా అలా పెరుగుతుందా అని 1798లో ఆయన అడిగింది అదే.

ట్రిప్లికేన్: ఇద్దరూ అరసున్న మింగేశారు. పోయఁడా.

అడయారు: అరసున్న సరేనండీ, చిక్కంతా 'పోయు'లో ఉంది. పొలానికి నీరు పెడతారు, పోయరు. పోసేది నారుమడికే. ఎకరం నాటడానికి అయిదు సెంట్ల మడి చాలు, దాన్ని కడవలతో తడిపి అయినా బతికించవచ్చు. నాట్లు పడ్డాక ఎకరమంతటికీ నీరెక్కడిది? సామెత ఆ మాట ఎత్తదు.

విల్లివాక్కం: 2019 జూలైలో మాకు జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు వచ్చాయి. పోసినవాడు రైల్వేవాడు! కృష్ణ నుంచి మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు మద్రాసుకు ఇవ్వాలని 1976లో రాసుకున్నారు. రాసిందీ మా పూండి జలాశయానికి చేరేదీ ఒకటి కాదు.

పెరంబూరు: అయినా నేరం కాన్పుల మీద వేయకండి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. నారు పలచబడింది. పల్లికరణై చిత్తడినేలను పూడ్చింది పసిపిల్లలా?

ట్రిప్లికేన్: మాల్థస్ దాకా ఎందుకు? ద్రోణపర్వంలో, అభిమన్యుడు పడ్డాక వ్యాసుడు ధర్మరాజుకు చెప్పే కథ చూడండి. చావు లేక జీవులు కిక్కిరిసి లోకానికి ఊపిరాడకపోతే బ్రహ్మ మృత్యువును పుట్టించాడు. ఆమె చంపనని ఏడ్చింది. ఆ కన్నీళ్లే రోగాలయ్యాయి. చంపమంటే ఏడ్చే మృత్యువు! తిక్కనగారి ద్రోణపర్వం ఈ రాత్రికి మళ్లీ తెరుస్తున్నాను.

అడయారు: శాంతిపర్వంలో భీష్ముడూ అదే కథ చెబుతాడు మాస్టారూ, అదీ తెరవండి.

మాంబలం: మరి 'పోయునా'?

విల్లివాక్కం: అడయారువారూ, 'నీరు పెట్టడం' మీ వైపు మాట. మా వైపు పొలానికి నీళ్లు కడతారు.