ద్రావిడ భాషల వంశవృక్షం: తెలుగు కన్నడం పక్కన పడుతోంది, ఈఎస్ఎస్ పెరగట్లేదు

మూలధాతువు:
అందరికీ నమస్కారం. 2018లో రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్ పత్రికలో విష్ణుప్రియ కొలిపాకం, ఆనెమరీ వెర్కెర్క్ తదితరులు 20 ద్రావిడ భాషల నుంచి 100 భావాలకు మాటలు సేకరించి, బేయేసియన్ పద్ధతిలో (సంభావ్యతల లెక్కతో) వంశవృక్షం కట్టారు కదా. మూలభాష వయసు సుమారు 4,500 ఏళ్ళని తేల్చారు. అదే పద్ధతిలో 14 భాషలతో ఎంఏ ప్రాజెక్టు చేస్తున్నాను. మాటల పట్టిక నేనే తయారుచేసి (ఒక్కో ధాతువుకు ఒక నిలువు వరుస, ఆ ధాతువు ఉన్న భాషకు 1, లేనిదానికి 0) వంశవృక్షాలు కట్టే బీస్ట్ 2 ప్రోగ్రాములో నడిపాను. మూడు సందేహాలు.

ఒకటి, తెలుగు తన శాఖకే చెందిన గోండి, కువిలతో చేరాల్సింది పోయి కన్నడం పక్కన పడుతోంది. రెండు, నమూనాల గొలుసును కోటి అడుగులు నడిపినా చెట్టు ఎత్తుకు (అంటే వేరు వయసుకు) ఈఎస్ఎస్, అంటే ఒకదానిపై ఒకటి ఆధారపడని నమూనాల లెక్క, 60 దాటట్లేదు. మూడు, కాలం కట్టడానికి తెలుగుకు క్రీ.శ. 575 నాటి కలమళ్ళ శాసనాన్ని వాడవచ్చా?

పదకోశం_పక్కనే:
మొదటి సందేహానికి జవాబు మీ పట్టికలోనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌ని కదిలించే ముందు సూర్యుడు, పక్షి, గుండె వరుసలు తీసి చూడండి. తెలుగు సూర్యుడు, కన్నడ సూర్య, మలయాళ సూర్యన్ మూడింటికీ ఒకే నిలువు వరుసలో 1 పెట్టి ఉంటే, సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటను అమ్మ నుంచి వచ్చినట్టు లెక్కేశారన్న మాట. గోండి, కువిలకు ఈ సంస్కృతపు పొర పల్చన. కాబట్టి సాహిత్య భాషలన్నీ ఒక గుంపుగా దగ్గరకు జరుగుతాయి. తత్సమాలు కంటికి ఆనుతాయి, తద్భవాలే మోసం చేస్తాయి. కన్నడ హక్కి అచ్చ ద్రావిడ మాటలా కనిపిస్తుంది, కానీ అది పక్షికి తద్భవం.

ఎరువు మాట (వేరే భాష నుంచి తెచ్చుకున్నది) దొరికినప్పుడు రెండు దారులున్నాయి. వాడుకలో దేశిమాట బతికే ఉంటే అదే తీసుకోండి. రక్తం బదులు నెత్తురు, హృదయం బదులు గుండె. దేశిమాట వాడుకలో లేకపోతే ఆ భావానికి ఆ భాష దగ్గర అన్ని నిలువు వరుసల్లోనూ ప్రశ్నార్థకం పెట్టండి. 0 పెట్టకండి. 0 అంటే ‘ఈ భాషలో ఈ ధాతువు లేదని నాకు తెలుసు’ అని, ప్రశ్నార్థకమంటే ‘సమాచారం లేదు’ అని. భావం మొత్తానికీ సున్నాలే మిగిలితే, ఆ భాషలో ఆ భావానికి మాటే లేదని ప్రోగ్రాముకు చెప్పినట్టవుతుంది.

రెండో గొడవ పర్యాయపదాలది. మనకు మాటలు బాగా తెలిసిన భాషకే మనం ఎక్కువ మాటలు రాసేస్తాం. రాయి భావానికి తెలుగులో ‘రాయి’ ఒక్కటే రాయాలి. ఓరుగల్లులో, గుంతకల్లులో ‘కల్లు’ ఉంది కదా అని దాన్నీ చేరిస్తే తమిళ కల్, కన్నడ కల్లులతో ఒక అబద్ధపు ముడి పడుతుంది. చెట్టు ఉండగా మ్రాను చేర్చినా అంతే, మరంతో ముడి. గోండికి అలా తవ్వి తీసేంత పాత సాహిత్యం మన చేతిలో లేదు, అందుకే తూకం ఒకవైపే మొగ్గుతుంది. ఒక భావానికి ఒకే మాట, అదీ ఇంట్లో రోజూ వాడేది. ఇది చిన్న విషయం కాదు. ఇండో-యూరోపియన్ భాషల మీద 2023లో సైన్స్ పత్రికలో 161 భాషలు, 170 భావాలతో పాల్ హెగార్టీ బృందం వేసిన వ్యాసం పాత పట్టికల్లోని ఈ పర్యాయపదాల గందరగోళాన్ని సరిచేయడం మీదే చాలా శ్రమ పెట్టింది.

జ్ఞాతి పదాలను (ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలను) చెవికి వినిపించే పోలికతో తేల్చకండి. కన్ను భావానికి ఉత్తర ద్రావిడ భాషలైన కుడుఖ్‌లో ఖన్న్, బ్రాహుయిలో ఖన్. అవీ మన కన్నే. పేరు, కన్నడ హెసరు ఒకటే. అక్కడ పాత పకారం హకారమైంది. చెవి, కన్నడ కివి ఒకటే. తెలుగులో తాలవ్యాచ్చుల ముందు కకారం చకారమైంది. ఇదే సూత్రం ఎరువును పట్టడానికీ పనికొస్తుంది: గోండిలో చెవికి కెవి, కవి అంటారు. కోయ మాటల్లో ఇలాంటి చోట ‘చ’ కనిపిస్తే అది తెలుగు నుంచి వెళ్ళిందేమో అని ముందు అనుమానించాలి. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి కోశం 1984 కూర్పులో ఆరోపం (పద నమోదు) సంఖ్య చూసి, ప్రతి గడి పక్కన ఆ సంఖ్య రాసుకోండి. తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి అదే ఆధారం.

గొలుసు_నడిపేవాడు:
పైన చెప్పినవి సరిచేశాక ఈఎస్ఎస్ కొంత దానంతటదే లేస్తుంది. లేవకపోతే గొలుసు నడకను గీతగా చూపే ట్రేసర్ ప్రోగ్రాములో గీత ఆకారం చూడండి. గీత నెమ్మదిగా పైకీ కిందికీ ఈదుతుంటే గొలుసు పొడవు చాలలేదంతే: 5 కోట్ల అడుగులకు పెంచి, ప్రతి 5,000 అడుగులకొకసారి నమోదు చేయండి, 10,000 నమూనాలు వస్తాయి. మొదటి పదో వంతు పారేయండి. గీత మెట్లు మెట్లుగా రెండు ఎత్తుల మధ్య దూకుతుంటే మాత్రం పొడవు పెంచి లాభం లేదు. రెండు వేర్వేరు చెట్లు పోటీ పడుతున్నాయి. ఎక్కువ ఖాళీలున్న భాష ఒకటి అటూ ఇటూ గెంతుతుండటం దీనికి మామూలు కారణం. బలూచీ ఎరువులు తీసేశాక బ్రాహుయిలో మిగిలేది తక్కువ. దాన్ని పక్కనపెట్టి ఒకసారి నడిపి చూడండి. ఎలాగైనా వేర్వేరు సీడ్‌లతో (యాదృచ్ఛిక ప్రారంభ సంఖ్యలతో) కనీసం రెండు గొలుసులు నడిపి, రెండూ ఒకే చోటికి వస్తేనే నమ్మాలి. ఈఎస్ఎస్ 200 దాటటం కనీస అర్హత మాత్రమే.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. ఏ భాషలోనూ లేని ధాతువు మీ పట్టికలోకి రానే రాదు, అంటే అన్నీ సున్నాలైన నిలువు వరుస మీకు ఎప్పటికీ కనపడదు. ఆ సంగతి ప్రోగ్రాముకు చెప్పకపోతే మాటలు మారే వేగాన్ని తప్పుగా అంచనా కడుతుంది, వయసులు జరుగుతాయి. భావానికొక విభాగం చేసి, ప్రతి విభాగం మొదట్లో ఒక సున్నాల వరుస చేర్చి, దాన్ని సవరణ వరుసగా ప్రకటించాలి. ఆ భావానికి సమాచారం లేని భాషకు అక్కడా ప్రశ్నార్థకమే పెట్టాలి.

మోడల్ విషయానికొస్తే, కోవేరియన్ మోడల్ (ధాతువు మారే వేగం మధ్యమధ్య మారుతుందనేది), రిలాక్స్‌డ్ లాగ్‌నార్మల్ గడియారంతో (కొమ్మకొక వేగం) మొదలుపెట్టి, స్ట్రిక్ట్ గడియారంతోనూ (అన్ని కొమ్మలకూ ఒకే వేగం) నడిపి, మార్జినల్ లైక్లీహుడ్‌లు (ఏ మోడల్ డేటాకు మెరుగ్గా సరిపోతుందో చెప్పే విలువలు) పోల్చి చెప్పండి.

శాసనాల_గడప:
మూడో సందేహానికి: వాడవచ్చు, కానీ కింది హద్దుగానే. కలమళ్ళ శాసనం చెప్పేది 575 నాటికి తెలుగు రాతకెక్కేంత విడిభాషగా ఉందని. విడిపోయింది 575లో అని కాదు. 575ని మధ్యలో పెట్టి నార్మల్ డిస్ట్రిబ్యూషన్ ఇస్తే తెలుగు కొమ్మను వందల ఏళ్ళు, బహుశా వేల ఏళ్ళు కుదించినట్టే. సుమారు 1,450 ఏళ్ళ ఆఫ్‌సెట్‌తో (అంతకన్నా తక్కువ వయసు రాకుండా) లాగ్‌నార్మల్ ఇచ్చి, తోకను పాతకాలం వైపు పొడుగ్గా వదలండి. కన్నడానికి ఐదో శతాబ్దపు హల్మిడి శాసనం, తమిళానికి అంతకన్నా పాత తమిళ-బ్రాహ్మీ శాసనాలున్నాయి, వాటికీ ఇదే పద్ధతి.

బీస్ట్‌కు ఫైళ్ళు సిద్ధంచేసే బ్యూటీలో ఒక గుంపుకు మోనోఫైలెటిక్ (ఒకే తల్లి సంతానం) అన్న గడిలో టిక్కు పెడితే ఆ గుంపు నూటికి నూరుపాళ్ళు వస్తుంది, ఎందుకంటే మీరే బలవంతాన కట్టారు. దాన్ని ఫలితమని రాయకూడదు. అలాగే డేటా లేకుండా ప్రయర్‌తో (మీరు ముందుగా ఇచ్చిన ఊహలతో) మాత్రమే ఒకసారి నడపండి. అప్పుడూ వేరు వయసు అంతే వస్తే మీ మాటల పట్టిక కొత్తగా చెప్పిందేమీ లేదు.

మూలధాతువు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. సూర్యుడు, పక్షి వరుసలు మీరన్నట్టే ఉన్నాయండీ, మారుస్తున్నాను. ఇంకొక్కటి: 4,500 ఏళ్ళ సంఖ్యను తెలంగాణలోని ఉట్నూరు బూడిదదిబ్బల నవీన శిలాయుగంతో జతచేసి రాయవచ్చా?

శాసనాల_గడప:
ఆ వ్యాసంలో కూడా 4,500 అన్నది ఒంటరి సంఖ్య కాదు, సుమారు 3,000 నుంచి 6,500 ఏళ్ళ వరకూ విస్తరించిన అంచనాకు నడుమ. దక్కను నవీన శిలాయుగం ఆ విస్తృతిలో ఇముడుతుంది, నిజమే. అయితే అంతే విస్తృతిలో ఇంకా చాలా ఇముడుతాయి. ఉట్నూరులో 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్వి చూపింది పశువుల దొడ్లు, కాలిన పేడ పొరలు. ఆ దొడ్లో ఏ భాష మాట్లాడారో బూడిద చెప్పదు. పురాతన డీఎన్ఏ కూడా చెప్పదు. హరప్పా నాగరికత నాటి రాఖీగఢీలో 61 ఎముకల నమూనాలు పరీక్షిస్తే ఒక్క స్త్రీ నుంచే జన్యుక్రమం దొరికింది, అదీ ఆమె మాటను చెప్పలేదు. జతచేయాలనుకుంటే పెసర, ఉలవ వంటి దక్కను పంటల పేర్లలో మూలభాష దాకా పునర్నిర్మించగలిగినవి ఏవి, ఒక కొమ్మలోనే ఉన్నవి ఏవి అని వేరుచేసి, దాన్ని పక్కన పెట్టి రాయండి.

2018 వ్యాసం రచయితలు ఒప్పుకున్న ఇంకో సంగతినీ వదలకండి: ఉత్తర, మధ్య, దక్షిణ 1 (తమిళం, కన్నడం వైపు), దక్షిణ 2 (తెలుగు, గోండి వైపు) శాఖలు విడివిడిగా తేలాయి గానీ, ఏ శాఖ ఏ శాఖకు దగ్గరన్నది చాలా అనిశ్చితంగా మిగిలింది. మీ 14 భాషలతో అది తేలే అవకాశం తక్కువ. శాఖల మధ్య ముడుల దగ్గర పోస్టీరియర్ విలువ (ఆ ముడి ఎన్నోవంతు నమూనా చెట్లలో వచ్చిందో) ఎంత వస్తే అంతే బొమ్మ మీద ముద్రించండి, 0.4 వచ్చినా సరే. దాంతోపాటు నమూనా చెట్లన్నిటినీ ఒకదానిపై ఒకటి గీసే డెన్సిట్రీ బొమ్మ కూడా ఇస్తే చెట్లు ఎక్కడ చెదురుతున్నాయో పరీక్షకులకు కంటికే కనిపిస్తుంది.