కుందేలు టీషర్టు వేసుకుంటే తప్పా?

పాతూరు నాన్న
మాది అనంతపురం. డిగ్రీ మొదటి సంవత్సరం చదివే మా వాడిని నిన్న కాలేజీలో గంటసేపు క్లాసు బయట నిలబెట్టారు. కారణం వాడి టీషర్టు. టవర్ క్లాక్ దగ్గర తోపుడు బండి మీద 250 రూపాయలకు కొన్నాడు. నల్లది, ఎడమవైపు ఛాతీ మీద తెల్ల కుందేలు తల, మెడకు బో టై. "ఇది ఏ పత్రిక గుర్తో తెలుసా?" అని లెక్చరర్ అందరి ముందూ అడిగితే, "బ్రాండు సార్" అన్నాడట మావాడు. ఇంటికొచ్చి చెప్పాక మా ఆవిడ "కుందేలుకేం రోగం?" అని నన్నడిగింది. నాకు తెలుసు, కానీ చెప్పడానికి నోరు రాలేదు. "డిసిప్లిన్ అంటలే" అని జారుకున్నాను. మీరే చెప్పండి, మన ఊళ్లో ఎవరూ కంటితో చూడని పత్రిక గుర్తు వేసుకుంటే తప్పు వాడిదా?

గుత్తి రోడ్డు
తప్పే. నిప్పును తెలిసి ముట్టుకున్నా తెలియక ముట్టుకున్నా కాలుతుంది. 1953లో షికాగోలో హ్యూ హెఫ్నర్ పెట్టిన ప్లేబాయ్ పత్రిక గుర్తు అది. ఆడవాళ్ల నగ్న ఫొటోలు అమ్ముకుని పెరిగిన పత్రిక. 1960 నుంచి క్లబ్బులు తెరిచి, ఆడపిల్లలకు కుందేలు చెవులూ తోకా తగిలించి మందు గ్లాసులు మోయించారు. మీవాడికి తెలియదు సరే, మీకు తెలుసు కదా? కొన్న రోజే ఎందుకు చెప్పలేదు?

రాయదుర్గం కుట్టు మిషన్
అన్నా, కోప్పడొద్దు. మా ఊళ్లో సందుసందుకీ జీన్స్ కుడతారు, పద్నాలుగేళ్లుగా నాదీ అదే పని. లేబుళ్లు కట్టలు కట్టలుగా వస్తాయి, ఏది వస్తే అది కుడతాం. ఒకసారి మొసలి బొమ్మలు అయిపోయాయని మా సేటు కుందేలు బొమ్మలు ఇచ్చాడు. మాకు రెండూ జంతువులే, రెండింటికీ కూలి ఒకటే. కొనేవాళ్లలో ఒక్కడు కూడా పత్రిక పేరు ఎత్తడం నేను వినలేదు. "ఆ చెవులది చూపించు" అంటారు, అంతే.

తెలుగు పంతులమ్మ
కుట్టేవాళ్లకు, కొనేవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, ఆ కంపెనీకి మాత్రం బాగా తెలుసు. ఆ పత్రికను మన దేశంలోకి రానివ్వరు. చైనాలోనూ అంతే. కానీ అక్కడ అదే కుందేలు చొక్కాలూ బూట్లూ బ్యాగులూ దుకాణాల నిండా అమ్ముడుపోయాయి, అక్కడివాళ్లకు అది ఫారిన్ దర్జా. ఇండోనేషియాలో కథ తిరగబడింది. 2006లో ఒక్క నగ్న ఫొటో కూడా లేకుండా పత్రిక తెచ్చారు. అయినా ఆఫీసు మీద రాళ్లు పడ్డాయి, 2010లో ఎడిటర్ జైలుకెళ్లాడు, మరుసటి ఏడాది అక్కడి సుప్రీంకోర్టు విడిపించింది. అంటే ఒక దేశంలో సరుకు లేకుండా పేరు మీద డబ్బులొచ్చాయి, ఇంకో దేశంలో సరుకు లేకపోయినా ఆ పేరుకే జైలు పడింది. 2013లో గోవాలో క్లబ్బు పెడతామంటే అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు.

మనవాళ్ల సంగతీ చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో ముద్దుపళని అనే కవయిత్రి తంజావూరులో రాసిన 'రాధికా సాంత్వనం' అప్పట్లో శృంగార కావ్యం. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని అచ్చు వేయిస్తే, బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. అవే పద్యాలు. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం పోలేదు.

గుత్తి రోడ్డు
మేడమ్, కావ్యాన్నీ చొక్కానూ ఒకే గాటన కట్టకండి. ముద్దుపళని మనసులో మాట రాసుకుంది. ఇది వ్యాపారం.

మార్నింగ్ షో మాజీ
వ్యాపారం గురించైతే నన్ను చెప్పనివ్వండి. మా కాలంలో అనంతపురంలో "మలయాళం సినిమా" అంటే చాలు, అర్థమైపోయేది. గోడ మీద 'ఎ' అక్షరం సినిమా పేరు కంటే పెద్దగా ఉండేది. కాలేజీ ఎగ్గొట్టి, ముఖానికి కర్చీఫ్ కట్టుకుని వెళ్లాం ఓసారి. తెర మీద ఒక పేదింటి పిల్ల, చేపలమ్మే అమ్మ, అప్పులు, ఏడుపు. పోస్టర్లో ఉన్న సీను సినిమాలోనే లేదు! పక్క సీట్లో ముసలాయన ఇంటర్వెల్‌కి కళ్లు తుడుచుకుంటున్నాడు. డబ్బులు పోయాయని ఏడ్చాడో, కథకు ఏడ్చాడో దేవుడికెరుక.

తర్వాత తెలిసింది, ఇదంతా పాత విద్యేనని. 1978లో ఐ.వి. శశి మలయాళంలో తీసిన 'అవళుడె రావుకళ్' (ఆమె రాత్రులు) ఒక వేశ్య బతుకు కథ, మంచి సినిమా. దాన్నే హిందీలోకి మార్చి 'హర్ నైట్స్' అని వేరే ఆశ చూపించి ఆడించారు. తెల్లవాళ్లూ తక్కువ తినలేదు. స్వీడన్‌లో బెర్గ్‌మన్ 1953లో తీసిన మోనికా సినిమాను క్రోగర్ బాబ్ అనే అమెరికా వ్యాపారి కొని, గంటన్నర దాటిన దాన్ని 62 నిమిషాలకు కోసి, 'ఒక చెడ్డ పిల్ల కథ' అని పేరు తగిలించి అమ్మాడు. ఇప్పుడు మా అమ్మాయి ఓటీటీలో మలయాళం సినిమాలు చూస్తూ "నాన్నా, వీళ్లు ఎంత బాగా తీస్తారో" అంటుంటే నేను నేల చూపులు చూస్తుంటాను.

సెకండియర్ బీకాం
అందరూ మగపిల్లలకు తెలియదు తెలియదు అంటున్నారు. మా క్లాసులో ముగ్గురికి బాగా తెలుసు. తెలిసే వేసుకొస్తారు, మమ్మల్ని చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటారు. ఆ నవ్వు మీకెవరికీ కనబడదు, మాకు కనబడుతుంది. అయినా బయట నిలబెట్టడం పద్ధతి కాదు. పక్కకు పిలిచి చెప్పొచ్చు.

గుత్తి రోడ్డు
ఈ అమ్మాయి చెప్పిన దానికి ఎవరి దగ్గరైనా జవాబుందా? కుందేలు, మొసలి అని జోకులేసిన వాళ్లు చెప్పాలి.

రాయదుర్గం కుట్టు మిషన్
లేదన్నా. ఆ నవ్వు సంగతి నాకు తట్టనే లేదు.

పాతూరు నాన్న
అందరికీ థాంక్స్. సెకండియర్ అమ్మాయి మాట చదివాక నిన్న రాత్రి మావాడిని మేడ మీదికి తీసుకెళ్లి అడిగాను. "మొదట తెలియదు, నెల కిందట తెలిసింది" అన్నాడు. మరి ఎందుకు వేసుకున్నావంటే జవాబు లేదు. అమ్మకు నువ్వే చెప్పు అన్నాను. కిందికొచ్చి నసుగుతూ చెప్పాడు. మా ఆవిడ తిడుతుందనుకున్నాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "మా తమ్ముడి బండి ట్యాంకు మీద ఉండేది కూడా ఇదేనా? దసరాకి ఆ కుందేలు నుదుటికి గంధం, కుంకుమ పెట్టి హారతిచ్చింది నేనే కదరా!"