ఇంటర్‌డిసిప్లినరీ మేజర్: చదువా, కలగాపులగమా?

స్లేటు_బలపం (చర్చ మొదలుపెట్టినవారు)

అమెరికా లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో (రకరకాల సబ్జెక్టులు కలిపి చదివించే డిగ్రీ కాలేజీలు) మామూలుగా రెండో ఏడాది ముగిసేలోపు మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఏదో చెప్పెయ్యాలి. ఎకనామిక్స్ లాంటి ఒకే శాఖ మేజర్ తీసుకోవాలా, పీపీఈ (ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్ కలిపిన చదువు), కాగ్నిటివ్ సైన్స్ (మనసు, ఆలోచన ఎలా పనిచేస్తాయో చదివేది) లాంటి కలగలుపు (ఇంటర్‌డిసిప్లినరీ) మేజరా, లేక విద్యార్థే రాసుకుని ఆమోదం తెచ్చుకునే సొంత మేజరా?

నా ఓటు ఒకే శాఖకు. నాలుగేళ్లలో 32 కోర్సులనుకుంటే మేజర్‌కు పోయేవి సుమారు 10-12. మిగతా 20లో ఏం కలుపుకున్నా అడిగేవారుండరు. మేజర్‌నే మూడు ముక్కలు చేస్తే మాత్రం మూడు శాఖల్లోనూ గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. అన్నప్రాసన నాడే ఆవకాయ ఎందుకు?

పచ్చగన్నేరు

ఆ 20 కోర్సుల మీద మీకు చాలా నమ్మకం ఉన్నట్టుంది. వాటిని ఒకదానితో ఒకటి ముడివేసే బాధ్యత ఏ శాఖదీ కాదండీ. ఒక నది నీళ్ల పంపకమే తీసుకోండి: ప్రవాహం లెక్క జియాలజీ వాళ్లది, హక్కుల గొడవ పొలిటికల్ సైన్స్ వాళ్లది, ధర సంగతి ఎకనామిక్స్ వాళ్లది. మూడూ చదివిన పిల్లవాడి చేత మూడిటినీ ఒకే కాగితం మీద పెట్టించేది మంచి ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ ప్రోగ్రామ్‌లోని చివరి ఏడాది ప్రాజెక్టు, అంటే క్యాప్‌స్టోన్.

ఇది నిన్న మొన్నటి మోజు కూడా కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో పీపీఈ 1920లో మొదలైంది. మెయిన్ రాష్ట్రంలోని కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్ 1972లో తరగతులు తెరిచిన నాటి నుంచీ అక్కడ డిగ్రీ ఒక్కటే: హ్యూమన్ ఎకాలజీ. అసలు శాఖలే లేవు.

గోదారి_గట్టు

పచ్చగన్నేరు గారూ, ఆక్స్‌ఫర్డ్ ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుంది. అక్కడ మొదటి ఏడాది మూడూ చదివాక ఒకటి వదిలేసి రెండింటితో ముందుకెళ్లే వీలుంది. లోతు కావాలంటే ఏదో ఒకటి వదలాల్సి వస్తుందని పీపీఈ పుట్టినచోటే ఒప్పుకున్నారన్నమాట.

అయినా నేను స్లేటు_బలపం గారి పక్షం కాదు. ఒక శాఖా, మూడు శాఖలా అన్నది కాదు, మెట్లు ఉన్నాయా లేవా అన్నదే చూడాలి. ఎకనామిక్స్‌లో మెట్లు చూడండి: ప్రిన్సిపుల్స్ (పరిచయ కోర్సు), తర్వాత ఇంటర్మీడియట్ మైక్రో (మధ్య స్థాయి మైక్రో ఎకనామిక్స్; దీనికి ముందు కాలిక్యులస్ ఉండాలి), తర్వాత ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో లెక్కగట్టేది; దీనికి ముందు స్టాటిస్టిక్స్), ఆపైన సెమినార్. సెమిస్టర్‌కు ఒక మెట్టు చొప్పున నాలుగు సెమిస్టర్లు. ప్రిన్సిపుల్స్ మాత్రమే చదివి, కాలిక్యులస్ లేకుండా నాలుగో సెమిస్టర్‌లో పీపీఈ ప్రకటించినవాడి సంగతి: ఐదులో కాలిక్యులస్, ఆరులో మైక్రో, ఏడులో ఎకనామెట్రిక్స్, ఎనిమిదిలో సెమినార్. మధ్యలో ఒక సెమిస్టర్ విదేశానికి వెళ్తే, ఆ మెట్టు కోర్సు అక్కడ దొరకకపోతే, సెమినార్ గల్లంతు. అప్పుడు పై మెట్టు అవసరం లేని కోర్సులతో మేజర్ నింపుతారు. కలగాపులగం అయ్యేది అక్కడే.

కాబట్టి ప్రోగ్రామ్ పేరు పక్కన పెట్టి కాలేజీ కోర్సుల క్యాటలాగ్ తీసి లెక్కపెట్టండి. ముందు చదవాల్సిన కోర్సు అంటూ ఏదీ అడగనివి సగం దాటితే నేనైతే వద్దంటాను. ప్రోగ్రామ్‌కు సొంత మెథడ్స్ కోర్సు (పరిశోధన పద్ధతులు నేర్పేది) ఉందో లేదో చూడండి. ఆ తర్వాత అందరూ మర్చిపోయేది: అక్కడ పాఠం చెప్పే అధ్యాపకుల ఉద్యోగం ప్రోగ్రామ్‌లో ఉందా, ఏదో శాఖలోనా? శాఖలో ఉంటే ఆ శాఖకు మనిషి తక్కువైన ఏడాది వాళ్లను వెనక్కి లాక్కుంటారు, ఇక్కడి కోర్సు ఎగిరిపోతుంది. ఏడాది విడిచి ఏడాది నడిచే కోర్సులు, సబాటికల్ సెలవులు (అధ్యాపకులు పరిశోధన కోసం తీసుకునే దీర్ఘ సెలవులు) దీనికి తోడు. గత నాలుగేళ్ల టైమ్‌టేబుళ్లు చూస్తే కోర్సు నిజంగా ఎన్నిసార్లు నడిచిందో తెలుస్తుంది. క్యాటలాగ్‌లో ఉన్నంత మాత్రాన నడుస్తున్నట్టు కాదు.

సొంత మేజర్‌కైతే ఇంకా జాగ్రత్త. మామూలుగా వేర్వేరు శాఖల నుంచి ఇద్దరు సలహాదారులు, 10-12 కోర్సుల జాబితా, ఉన్న మేజర్లు ఎందుకు సరిపోవో వివరణ, చివరి ప్రాజెక్టు ఏమిటో నాలుగు మాటలు: ఇవన్నీ కమిటీకి ఇవ్వాలి. వెనక్కి వచ్చేవి ఎక్కువగా 'గ్లోబల్ స్టడీస్' లాంటి ఆకాశమంత పేర్లు పెట్టినవే. జాబితాలో ప్రతి పై స్థాయి కోర్సుకూ ఒక ప్రత్యామ్నాయం రాసి ఉంచితే తర్వాత మార్పు కోసం మళ్లీ కమిటీ గడప తొక్కాల్సిన పని తగ్గుతుంది.

తొమ్మిదో_గది

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద అమెరికాలో ఉన్న పిల్లలకు ఇంకో లెక్క ఉంది. ప్రతి మేజర్‌కూ ఆరంకెల సీఐపీ కోడ్ (అమెరికా ప్రభుత్వం చదువులను వర్గీకరించే అంకె) ఉంటుంది. చదువయ్యాక 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి) సరే, ఇంకో 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) పొడిగింపు రావాలంటే ఆ కోడ్ ప్రభుత్వ జాబితాలో ఉండాలి. సాధారణ ఎకనామిక్స్ 45.0601 జాబితాలో లేదు, ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ 45.0603 ఉంది. కలగలుపు చదువులకు 30తో మొదలయ్యే కోడ్‌లు: డేటా సైన్స్ 30.7001 ఉంది, 'ఇతర' కిందకొచ్చే 30.9999 లేదు. సొంత మేజర్‌లో సగం కంప్యూటర్ సైన్సే ఉన్నా ఈ 'ఇతర' కోడ్ పడితే పొడిగింపుకు దారి మూసుకుపోయినట్టే. కోడ్ ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీదే ఉంటుంది. ప్రకటించే ముందే రిజిస్ట్రార్‌ను అడగాలి, పట్టా చేతికొచ్చాక కాదు. పొడిగింపుకు ఐ-983 పత్రంలో (ఉద్యోగ శిక్షణ ప్రణాళిక) ఉద్యోగానికీ డిగ్రీకీ సంబంధం కూడా చూపాలి. పేరు అస్పష్టంగా ఉంటే అక్కడా తిప్పలే.

పచ్చగన్నేరు

వీసా కోసం చదువు ఎంచుకోమంటారా!

తొమ్మిదో_గది

లేదండీ. ఎంచుకున్న చదువుకు ఏ కోడ్ పడుతుందో కనుక్కోమంటున్నాను.

మాగాణి

మన దగ్గరా ఇదే తగువు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో ఎంపీసీ, బీజడ్‌సీ అంటూ మూడు సబ్జెక్టులు సమానంగా చదివేవారు. 2023-24లో సింగిల్ మేజర్ వచ్చింది. లిబరల్ ఆర్ట్స్ వైపు వెళ్లమంటూనే ఒక సబ్జెక్టుకు కట్టేశారని కొందరు గొణిగారు. యూజీసీ 2022 డిసెంబర్ చట్రం చూస్తే మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మేజర్‌కు 60, మైనర్‌కు (రెండో సబ్జెక్టుకు) 24, మల్టీడిసిప్లినరీ కోర్సులకు 9. ఆ తొమ్మిదీ మూడేసి క్రెడిట్ల పరిచయ కోర్సులే, వాటితో ఏదీ కలవదు. అదే చట్రం కలగలుపు డిగ్రీకి ఇచ్చిన ఉదాహరణ ఎకనామెట్రిక్స్: ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, మ్యాథ్స్ మధ్య ప్రధాన క్రెడిట్లు పంచాలి. గోదారి_గట్టు గారు చెప్పిన మెట్లు అందులో ఉన్నాయి.

స్లేటు_బలపం

మెట్ల మాట ఒప్పుకుంటాను. కానీ ఎకనామిక్స్ పీహెచ్‌డీకి వెళ్లాలనుకునేవాళ్లకు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, రియల్ అనాలిసిస్ కావాలి. ఇవేవీ పీపీఈ జాబితాలో సాధారణంగా ఉండవు. వాళ్లు డబుల్ మేజర్ చేయడం మేలు కాదా?

గోదారి_గట్టు

చేయొచ్చు, చోటుంటే. రెండు మేజర్లకు 20-22 కోర్సులు, కొన్నిచోట్ల రెండు తుది పరీక్షలు లేదా రెండు థీసిస్‌లు. రెండూ ఒకే సెమిస్టర్‌లో పడితే రెంటికీ చెడ్డ రేవడి. ఆ దారి ఖాయమనుకుంటే ఎకనామిక్స్ మేజర్ తీసుకుని ఖాళీ కోర్సుల్లో ఆ మ్యాథ్స్ మూడూ పెట్టుకోవాలి, మూడో ఏడాది చివరికల్లా రియల్ అనాలిసిస్ అయిపోవాలి. దరఖాస్తులు చాలావరకు నాలుగో ఏడాది డిసెంబర్‌లోనే వెళ్తాయి, ఆ తర్వాత వచ్చే గ్రేడ్ అప్పుడు పంపే ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల పత్రంలో) కనబడదు.