సోషల్ నెట్‌వర్క్ అనాలిసిస్‌కి మొదటి పుస్తకం: వాసర్‌మన్–ఫౌస్టా, బోర్గాటీనా?

పీజీ_వరంగల్:
ఎం.ఏ. సోషియాలజీ ఫైనల్ ఇయర్. మా ఊరి డ్వాక్రా మహిళల్లో ఎవరు ఎవరి దగ్గర చేబదులు తీసుకుంటారు, ఎవరి సలహా అడుగుతారు అన్నది నా డిసర్టేషన్. ఇలా మనుషుల మధ్య సంబంధాల అల్లికను లెక్కగట్టే పద్ధతే సోషల్ నెట్‌వర్క్ అనాలిసిస్. గైడ్ గారు వాసర్‌మన్–ఫౌస్ట్ రాసిన పుస్తకం చదవమన్నారు. ఎనిమిది వందల పేజీలకు పైనే, నిండా గుర్తులూ మ్యాట్రిక్సులూ (అంకెల పట్టికలు). నాది ఇంటర్‌లో సీఈసీ. టెన్షన్‌గా ఉంది. దీంతోనే మొదలుపెట్టాలా?

లెక్కల_మాస్టారు:
మీ గైడ్ చెప్పిందే సరైనది బాబూ. 1994 నాటిదైనా నిర్వచనాల్లో దాన్ని మించింది నేను చూడలేదు. అందులో వాడిన ఇటలీలోని ఫ్లోరెన్స్ కుటుంబాల డేటానే తీసుకోండి. 15వ శతాబ్దపు 16 కుటుంబాలు, వాటి మధ్య 20 వియ్యాలు. మెడిచి వాళ్లకు 6, స్ట్రోజీ వాళ్లకు 4. ఈ లెక్క చూస్తే తేడా పెద్దగా లేదనిపిస్తుంది. ఇప్పుడు కాగితం మీద మెడిచిని కొట్టేయండి. అచ్చయోలీ కుటుంబం ఒంటరైపోతుంది. పాజీ, సాల్వియాటీ రెండూ ఒకదానికొకటి తప్ప మిగతా ఊరికి దూరమైపోతాయి. వీళ్లకు మెడిచి మీదుగా తప్ప వేరే దారి లేదన్నమాట. లింటన్ ఫ్రీమన్ 1977లో సూత్రీకరించిన బిట్వీన్‌నెస్ కొలిచేది దీన్నే. పెన్సిల్‌తో ఒక్కసారి చేస్తే జీవితాంతం గుర్తుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కి తెచ్చిన నంబర్‌ని వైవాలో ఎలా సమర్థించుకుంటారు?

ఫీల్డ్‌వర్క్_మేడమ్:
మాస్టారూ, ఉదాహరణ చాలా బాగుంది. కానీ ఆ డేటా ఎవరో సేకరించి పెట్టింది. ఈ అబ్బాయి ఇంకా ఇంటింటికీ తిరగాలి. అందుకే నా ఓటు బోర్గాటి, ఎవరెట్, జాన్సన్‌ల పుస్తకానికి (2013). అందులో సెంట్రాలిటీ (నెట్‌వర్క్‌లో ఎవరు ఎంత కీలకమో చెప్పే బిట్వీన్‌నెస్ లాంటి కొలతలు) కంటే చాలా ముందే పరిశోధన ప్రణాళిక, డేటా సేకరణ అధ్యాయాలు వస్తాయి.

మామూలు సర్వేలో పదిమంది దొరక్కపోయినా పెద్ద నష్టం ఉండదు. నెట్‌వర్క్‌లో అలా కాదు. 40 మంది ఉంటే 780 జతలు. 10 మంది దొరక్కపోతే, ఇద్దరి మాటా మన దగ్గరున్న జతలు 435 మాత్రమే. పావు వంతు మనుషులు పోతే దాదాపు సగం జతలకు గండి పడింది. పైగా ఆ పదిమందిలో మాస్టారు చెప్పిన మెడిచి లాంటి మనిషి ఉంటే? తర్వాత ఏ సూత్రమూ ఆవిణ్ని వెనక్కి తేలేదు.

ప్రశ్న అడిగే తీరు కూడా అంతే ముఖ్యం. కర్ణాటకలో 75 ఊళ్లలో బెనర్జీ, చంద్రశేఖర్, డుఫ్లో, జాక్సన్‌ల బృందం ‘మీ స్నేహితులెవరు’ అని అడిగి ఊరుకోలేదు. కిరోసిన్, బియ్యం ఎవరి దగ్గర బదులు తెచ్చుకుంటారు, గుడికి ఎవరితో వెళ్తారు అని విడివిడిగా అడిగారు. నీ పనికి దగ్గరి నమూనా ఇదే నాయనా.

కోడర్_డల్లాస్:
డబ్బు సంగతి కూడా చూడండి. హానెమన్–రిడిల్ పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితం, లెక్కలు తక్కువ. కాకపోతే అంతా యూసీఐనెట్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ మీదే, అది విండోస్ ప్రోగ్రామ్. ఈస్లీ–క్లైన్‌బర్గ్ (2010) డ్రాఫ్ట్ కూడా ఉచితమే, చదువుతుంటే హాయిగా ఉంటుంది. కానీ అందులో గేమ్ థియరీ (ఒకరి ఎత్తుకు ఇంకొకరి పైఎత్తును లెక్కగట్టే శాస్త్రం), మార్కెట్లు చాలా చోటు తీసుకుంటాయి. ఊళ్లో సర్వేకి పెద్దగా పనికిరాదు. బోర్గాటి పుస్తకానికి 2022లో ‘ఆర్’ (గణాంకాల ప్రోగ్రామింగ్ భాష)తో చేసే వెర్షన్ వచ్చింది. ‘ఆర్’ ఉచితం, ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది.

లెక్కల_మాస్టారు:
మేడమ్, సేకరణ గురించి మీరన్నది కాదనను. కానీ బోర్గాటిలో గణిత పునాదులకు ఒక్క చిన్న అధ్యాయమే ఉంది. దాంతో ఆగిపోతే పిల్లలు పైపైనే ఉండిపోతారు. ఆ భయం నాకుంది.

ఫీల్డ్‌వర్క్_మేడమ్:
ఆగిపొమ్మనడం లేదండీ. ముందు బోర్గాటిలో ప్రణాళిక, సేకరణ అధ్యాయాలు, తర్వాత ఊరు, ఆ తర్వాత మీ వాసర్‌మన్. ఊరెళ్లి వచ్చాక ఆ గుర్తుల వెనక మనుషులు కనిపిస్తారు. పీజీ, పేర్ల జాబితా చదివి అడుగుతున్నావా, గుర్తున్నవాళ్లను చెప్పమంటున్నావా?

పీజీ_వరంగల్:
జాబితా చదివే, మేడమ్. శాంపిల్‌గా నలుగురిని అడిగి చూశాను. ఒకావిడ ‘ఆమెకు అప్పిచ్చాను’ అంటుంది, ఆమేమో తీసుకోలేదంటుంది. ఏది రాయాలి?

ఫీల్డ్‌వర్క్_మేడమ్:
రెండూ రాయి. ఇచ్చానన్నది ఒక మ్యాట్రిక్స్‌లో, తీసుకున్నానన్నది ఇంకో మ్యాట్రిక్స్‌లో. ఇప్పుడే కలిపేయకు. ఒక్కరు చెప్పినా లింక్ ఉన్నట్టే అనుకుని ఒకసారి, ఇద్దరూ ఒప్పుకుంటేనే అనుకుని ఒకసారి లెక్క కట్టు. ఫలితం ఎంత మారిందో డిసర్టేషన్‌లో చూపించు.