జురాసిక్‌లో గడ్డే లేదంటే అంతంత డైనోసార్లు ఏం తిని బతికాయి?

వానచినుకు:
మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. నిన్న బ్రాకియోసారస్ బొమ్మ గీసి దాని కాళ్ల కింద పచ్చగా గడ్డి వేశాడు. అప్పటికి గడ్డి లేదురా అన్నాను, ఎక్కడో చదివిన గుర్తుంది. వాడు వెంటనే "మరి అంత పెద్దది ఏం తినేది?" అన్నాడు. వెతికితే ఫెర్న్‌లు, సైకాడ్లు (పొట్టి తాటిచెట్లలా కనిపించేవి), కోనిఫర్ చెట్లు (పైన్ లాంటివి) అని ఉంది. ఆ బిరుసు ఆకుల్లో బలం ఏముంటుంది? ఐదారు టన్నుల ఏనుగే పొద్దస్తమానం తింటూ ఉంటుంది కదా, దానికి ఎన్నో రెట్లున్న జంతువు వాటితో ఎలా నెట్టుకొచ్చింది? అప్పట్లో గాలిలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టే అంత పెరిగాయని కూడా ఒకచోట చూశాను, నిజమేనా?

మట్టిపొర:
గడ్డి విషయంలో మీరే కరెక్ట్. జురాసిక్ అంటే సుమారు 20.1 కోట్ల ఏళ్ల కిందటి నుంచి 14.5 కోట్ల ఏళ్ల కిందటి వరకు. డైనోసార్లు గడ్డి తిన్నాయనడానికి పేరున్న ఆధారం మధ్య భారతంలోని పిస్దురాలో దొరికిన పేడ శిలాజాలు, అవి క్రెటేషియస్ చివరివి, అంటే జురాసిక్ ముగిసిన ఏడు కోట్ల ఏళ్లకు పైగా తర్వాతివి. పూల మొక్కలు నేలంతా పరుచుకున్నది కూడా క్రెటేషియస్‌లోనే, కాబట్టి బొమ్మలో పూలుంటే అవి కూడా తీసేయమనండి.

ఇక ఆకుల్లో బలం సంగతి. దీన్ని జర్మనీ పరిశోధకులు నేరుగా పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. జురాసిక్ మొక్కల వంశంలో ఈ రోజుకీ బతికున్నవాటి ఆకులు తెచ్చి, పొడి చేసి, గొర్రె పొట్టలోంచి తీసిన రసంలో ఊరబెట్టి ఎంత గ్యాస్ వస్తుందో కొలిచారు. ఎంత గ్యాస్ వస్తే పొట్టలోని సూక్ష్మజీవులు ఆ ఆకును అంత బాగా పులియబెట్టినట్టు. ఈక్విసీటం అనే మొక్క గడ్డికి ఏమాత్రం తీసిపోలేదు. అరకేరియా అనే కోనిఫర్ చెట్టు ఆకు మొదట్లో చాలా నెమ్మది, కానీ మూడు రోజులు వదిలేస్తే బాగా పుంజుకుంది. సైకాడ్లు వెనకబడ్డాయి, అందుకే ప్రతి బొమ్మలోనూ సారోపాడ్ (బ్రాకియోసారస్ లాంటి పొడుగు మెడ డైనోసార్) నోట్లో సైకాడ్ పెట్టడం నాకు నచ్చదు.

ఆ మూడు రోజులే అసలు కిటుకు. పెద్ద పొట్ట ఉంటే మేత లోపల ఎక్కువసేపు నిలవ ఉంటుంది, నెమ్మదిగా అరిగే ఆకు కూడా పూర్తిగా ఉపయోగపడుతుంది.

తూనీగ_రెక్క:
ఆక్సిజన్ గురించి: అది ఎక్కువగా కార్బొనిఫెరస్ కాలంలోని పెద్ద తూనీగల గురించి చెప్పే మాట, అది జురాసిక్‌కు కోట్ల ఏళ్ల ముందు. జురాసిక్ గాలిలో ఆక్సిజన్ ఎంతన్నదానిపై లెక్కలు ఒకదానితో ఒకటి కలవవు, కాబట్టి డైనోసార్ల సైజుకు అదే కారణం అనడం కుదరదు. ఇప్పటికన్నా కచ్చితంగా ఎక్కువ ఉన్నది కార్బన్ డయాక్సైడ్.

రాతిపలక:
ఏనుగుతో పోల్చారు కాబట్టి అక్కడి నుంచే చెప్తాను, ఎందుకంటే తేడా అంతా నమలడంలోనే ఉంది. ఏనుగు ప్రతి ముద్దా నమిలి మింగాలి. దానికోసం బరువైన దవడ పళ్లు, వాటికి తగ్గ పెద్ద తల, ఆ తలను మోయడానికి పొట్టి మెడ. సారోపాడ్లు అసలు నమిలేవే కావు, కొమ్మ పట్టి ఆకు దూసుకుని మింగేయడమే. అందుకే తల చిన్నది, తల చిన్నది కాబట్టి మెడ ఎంతైనా సాగింది. చైనాలో దొరికిన మామెంచిసారస్ మెడ దాదాపు 15 మీటర్లని 2023లో అంచనా వేశారు. అంత మెడ ఉంటే ఒకచోట నిలబడే చుట్టూ ఉన్న ఆకంతా తినేయొచ్చు, అడుగు తీసి అడుగు వేసే శ్రమ కూడా మిగులుతుంది. పైగా మెడ వెన్నుపూసల్లో చాలా వరకు గాలి గదులే, పక్షుల ఎముకల్లో ఉన్నట్టు.

ఈక్విసీటం కాండాన్ని నేను ఒకసారి వేళ్ల మధ్య పెట్టి రుద్ది చూశాను, గరుకు కాగితంలా ఉంది. దాని నిండా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అది రోజూ తింటే పళ్లు అరిగిపోవా అంటే, అరిగిపోయేవి. డిప్లొడోకస్ అనే సారోపాడ్ పళ్లు సన్నగా పెన్సిల్ ముక్కల్లా ఉంటాయి, ఒక్కో చోట సుమారు 35 రోజులకో కొత్త పన్ను వచ్చేదని పన్ను లోపలి పొరలు లెక్కపెట్టి తేల్చారు. ఏనుగుకు మాత్రం జీవితం మొత్తానికి ఆరు విడతలే.

వానచినుకు:
చాలా థ్యాంక్స్ అండీ, ముగ్గురికీ. నమలకపోతే మరి పొట్టలో రాళ్లు ఉండి నూరేవా, కోళ్లలాగా?

రాతిపలక:
ఒకప్పుడు అలాగే అనుకున్నారు. కానీ సారోపాడ్ అస్థిపంజరాలతో పాటు రాళ్లు దొరికింది చాలా తక్కువ, దొరికినా ఆ శరీరానికి అవి ఏ మూలకూ సరిపోవు. పైగా నున్నగా మెరుస్తుంటాయి, గింజలు నూరే పక్షుల పొట్టలోని రాళ్లు అలా మెరవవు. కాబట్టి పని చేసింది పులియడమే.

మట్టిపొర:
బాబుకు ఇంకొకటి చెప్పండి, తప్పకుండా నచ్చుతుంది. సారోపాడ్ గుడ్డు ఫుట్‌బాల్ కంటే పెద్దది కాదు. అందులోంచి వచ్చిన పిల్లకు అరకేరియా కొమ్మ అందదు, నేల మీది ఫెర్న్‌లూ ఈక్విసీటమే దిక్కు. బొమ్మలో గడ్డి చెరిపిన చోట అవి వేసి, వాటి మధ్య ఒక చిన్న పిల్లను కూడా గీయమనండి.