మన నెల్లూరు జిల్లాలో జులైలో నాటే మొక్కలు ఎందుకు బతకవు? తప్పెక్కడుంది?

ఉదయగిరి మెట్ట:
తిట్టుకోకుండా మాట్లాడుకుందాం. రాష్ట్ర ప్రభుత్వం మొక్కలు నాటించే పథకాలే చూడండి: 2016 జులైలో వనం-మనం, 2020 జులైలో జగనన్న పచ్చతోరణం. పార్టీ మారింది, పేరు మారింది, నెల మాత్రం మారలేదు. 1950లో కేంద్రమంత్రి కె.ఎం.మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి జులై మొదటి వారమే ముహూర్తం. నైరుతి బాగా కురిసే చోట సరే. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్-డిసెంబర్ మధ్య ఈశాన్య రుతుపవనాలకే పడుతుంది. రైతులు వరినారు పోయడానికే అక్టోబర్ దాకా ఆగే ఊళ్లలో, జులై ఎండలో కానుగ మొక్కను గుంతలో పెట్టి ఫొటో దిగితే అదెట్లా బతుకుతుంది? పథకాలు ఫెయిలవడానికి నా లెక్కలో మొదటి కారణం ఇదే. రాష్ట్రమంతటికీ ఒకటే క్యాలెండర్.

కోవూరు కుర్రోడు:
నెల మారిస్తే సరిపోతుందా అన్నా? ఎప్పుడు నాటినా వేసవిలో నీళ్లు పోయాల్సిందేగా. మా రోడ్డు పక్క మొక్కలకు ట్యాంకర్ తోలినాయన బిల్లు కోసం తిరిగి తిరిగి విసిగి మానేశాడు. నాటడానికి డబ్బులుంటాయి, బతికించడానికి ఉండవు.

పొదలకూరు నిమ్మతోట:
మా బడి ప్రహరీ పక్కన ఎండిపోయిన మొక్కొకటి పీకి చూశా. నర్సరీ నల్ల కవర్ అట్లాగే ఉంది. వేర్లు బయటికి రాలేక కవర్ లోపలే చుట్టలు చుట్టుకుపోయాయి. కవర్ చించకుండానే పాతేశారన్నమాట. దీనికి ఏ నెలయితే ఏం? ఒక్కరోజులో ఇన్ని వేలు నాటాలని టార్గెట్ పెడితే పనోళ్లు అంతే చేస్తారు. ఎన్ని నాటారని అడిగేవాళ్లే గానీ, రెండేళ్ల తర్వాత ఎన్ని నిలిచాయని అడిగేవాళ్లు లేరు.

ఒంగోలు వాసి:
అన్నీ ప్రభుత్వం మీదకే తోస్తే ఎట్లా? మొక్క చుట్టూ ముళ్లకంప కడితే పొయ్యిలోకి లాక్కెళ్లేది మనమే. మేకల్ని తోలేదీ మనమే. మా వైపు రైతులు కాగితం మిల్లుల కోసం సుబాబుల్, జామాయిల్ వేస్తే తోటలకు తోటలు నిలబడుతున్నాయి. ఎందుకంటే దానికి సొంతదారుడున్నాడు.

ఉదయగిరి మెట్ట:
ఒంగోలు అన్నా, రైతు వాన చూసి నాటతాడు, ఆఫీసు ఆర్డర్ చూసి నాటిస్తుంది. మీ ఉదాహరణ నాకే పనికొస్తోంది. నిమ్మతోట గారు చెప్పిన టార్గెట్ పిచ్చి కూడా దీన్ని ఒక్కరోజు పండగ చేయడం వల్ల వచ్చిందే. జూన్‌లో గుంతలు తీసి వదిలేయండి, మొక్కల్ని నర్సరీలోనే ఇంకో మూడు నెలలు పెంచి అక్టోబర్‌లో నాటండి. డిసెంబర్ దాకా చాలావరకు వానే చూసుకుంటుంది. ట్యాంకర్ డబ్బులు వేసవికి మిగులుతాయి.

కోవూరు కుర్రోడు:
మిగిలిన డబ్బులు వేసవి దాకా ఖాతాలో ఉంచుతారా అన్నా? మార్చి 31 లోపల ఖర్చు చూపించాలి, లేదంటే వెనక్కి పోతాయి. మొక్కకు నీళ్లు కావాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. దీనికేమంటావు?