కొత్త గీజర్: నాబ్ ఎక్కడ పెట్టాలి? వాల్వ్ నుంచి నీళ్లు కారడం మామూలేనా?

వడ్డేపల్లి వాసి:

అందరికీ నమస్తే. హన్మకొండలో మా ఇంట్లో మొన్ననే 25 లీటర్ల గీజర్ పెట్టించినం. ఇన్నేళ్లూ కట్టెల బాయిలర్, తర్వాత బకెట్లో వేసే హీటర్ రాడ్‌తోనే నడిచింది కాబట్టి దీని సంగతి ఇంట్లో ఎవరికీ తెల్వదు. బిగించడానికి వచ్చిన అబ్బాయి పైపులు కలిపి, స్విచ్ వేసి చూపించి, పుస్తకం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. కింద గుండ్రటి నాబ్ ఉంది. ఒక చివర మంచు పువ్వు గుర్తు, మధ్యలో ఇంగ్లిష్ ‘ఇ’ అక్షరం, ఇంకో చివర మ్యాక్స్. తొందరగా కాగాలని నాన్న మ్యాక్స్‌లో పెడుతున్నాడు. ఎర్ర లైటు కాసేపటికి దానంతట అదే ఆరిపోతోంది, అది పాడైనట్టా? అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఏమిటంటే, చల్లనీళ్ల పైపు దగ్గర ఇత్తడి వాల్వ్ ఒకటి ఉంది, దాని పక్కనున్న చిన్న గొట్టం నుంచి చుక్క చుక్క నీళ్లు కారుతున్నాయి. పక్కింటాయనకు ప్లంబింగ్ పని వచ్చు, దానికో డమ్మీ (గొట్టం మూసేసే మూత) బిగిస్తే కారడం ఆగిపోతుంది అంటున్నారు. బిగించొచ్చా? ఇంట్లో నాయినమ్మ, మూడేళ్ల పాప ఉన్నారు, అందుకే అడుగుతున్నా. గీజర్ రోజంతా ఆన్‌లో ఉంచాలా, వాడినప్పుడే వేయాలా అన్నది కూడా చెప్పండి.

కాజీపేట ఎలక్ట్రీషియన్:

తమ్మీ, ముందు ఆ డమ్మీ సంగతి. ఎవరు చెప్పినా బిగించనీయకు. అది సేఫ్టీ వాల్వ్. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి, 22 డిగ్రీల నీళ్లు 60కి వచ్చేసరికి 25 లీటర్ల ట్యాంకులో దాదాపు 350 మిల్లీలీటర్ల దాకా పెరుగుతాయి. వెనక్కి ఓవర్‌హెడ్ ట్యాంకులోకి పోకుండా ఆ వాల్వ్‌లోనే అడ్డు ఉంటుంది, ముందు నల్లాలు కట్టేసి ఉంటాయి, మరి ఆ పెరిగిన నీళ్లు ఎటు పోవాలి? ఆ గొట్టంలోంచే. కాగుతున్నంతసేపు చుక్కలు పడుతున్నాయంటే వాల్వ్ పనిచేస్తున్నట్టు. దాన్ని మూసేయడమంటే కుక్కర్ సేఫ్టీ వాల్వ్‌ను మూసేసి పొయ్యి మీద పెట్టడమే. లోపల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కూడా ఎప్పుడైనా మొరాయించిందంటే ట్యాంకు పగులుతుంది, బాత్రూంలో మనుషులుంటారు. కారేది ఇబ్బందిగా ఉంటే ఆ గొట్టానికి సన్న పైపు తొడిగి డ్రైన్ దాకా దించు, పైపు చివర మాత్రం తెరిచే ఉండాలి.

ఎర్ర లైటు ఆరడం పాడవడం కాదు. అది కాగుతున్నప్పుడే వెలుగుతుంది, నువ్వు పెట్టిన వేడికి రాగానే థర్మోస్టాట్ కరెంటు ఆపుతుంది, లైటు ఆరుతుంది. నీళ్లు చల్లబడితే మళ్లీ వెలుగుతుంది.

ఇక నాబ్. మీ నాన్నగారికి ఇది చెప్పు: మ్యాక్స్‌లో పెడితే తొందరగా కాగదు. లోపల నీళ్లు కాచే కాయిల్ ఒక్కటే, మామూలుగా 2000 వాట్లు, నాబ్ ఎక్కడున్నా అది అంతే వేగంతో వేడి చేస్తుంది. నాబ్ చెప్పేది ఎక్కడ ఆగాలో మాత్రమే. చలికాలం నీళ్లు 22 డిగ్రీలు ఉంటే 60కి రావడానికి అరగంట పైచిలుకు, 75కి మూడు పావుగంటలు. అవసరమైన దానికన్నా పైకి తీసుకుపోయి, మళ్లీ చల్లనీళ్లు కలిపి తగ్గించుకోవడం ఎందుకు? ‘ఇ’ గుర్తు దగ్గర, అంటే దాదాపు 55, 60 మధ్యలో వదిలేయండి. మంచు గుర్తు నీళ్లు గడ్డకట్టే చలి దేశాల కోసం, మనకు పనిలేదు.

ఇంకోటి, 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్తింగ్ ఉన్నాయో లేదో చూపించుకో. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే గీజర్ కన్నా ముందు అది పెట్టించాల్సింది. ఇన్వర్టర్ లైన్ మీద మాత్రం పెట్టకండి.

కరీంనగర్ అక్క:

పాప ఉందన్నావు కదా తమ్ముడూ, అందుకే రాస్తున్నా. 60 డిగ్రీల నీళ్లు అయిదు సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి, పిల్లలకు, పెద్దవాళ్లకు ఇంకా తొందరగా. బకెట్లో ఎప్పుడూ చల్లనీళ్లు ముందు, వేడినీళ్లు తర్వాత, ఈ వరుస ఇంట్లో అందరికీ నేర్పించు. నాయినమ్మను ఒక్కతినే వేడి నల్లా తిప్పనీయకు. పోనీ 45కి తగ్గిద్దామా అంటే అదీ మంచిది కాదు, గోరువెచ్చటి నీళ్లు రోజుల తరబడి ట్యాంకులో నిలవుంటే లెజియోనెల్లా అనే బాక్టీరియాకు అనుకూలం, 60 దగ్గర అది బతకదు.

మీది బోరు నీళ్లా, మిషన్ భగీరథ నల్లా నీళ్లా? బోరు నీళ్లయితే సున్నం పేరుకోవడం ఎక్కువ. వేడి 60 దాటిన కొద్దీ ఇంకా వేగంగా పేరుకుంటుంది, కాయిల్ మీద తెల్లటి పెచ్చు కట్టి కాగడానికి టైం పడుతుంది, చిటపటమని చప్పుడు కూడా వస్తుంది. మా ఇంట్లో విప్పించినప్పుడు కాయిల్ వేలు మందాన తెల్లగా ఉంది. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు బదులు అదే తుప్పు పట్టి కరిగిపోతుంది, ఏడాదికోసారి సర్వీసింగ్‌లో దాన్ని చూడమని గట్టిగా అడుగు, అడగకపోతే చాలామంది చూడరు.

సుబేదారి నుంచి:

కరెంటు మాట నేను చెప్తా. 25 లీటర్లు ఒకసారి 22 నుంచి 60కి కాగడానికి ఒక యూనిట్ కన్నా కొంచెం ఎక్కువ, రోజుకు రెండు సార్లంటే నెలకు 65 యూనిట్ల పైనే. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకంలో జీరో బిల్లు వస్తున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, నెలకు 200 యూనిట్లు దాటితే బిల్లు మొత్తం కట్టాలి. అందుకే రోజంతా ఆన్‌లో పెట్టకండి, స్నానానికి అరగంట ముందు వేసి, కాగాక ఆపేయండి. మంచి గీజర్‌లో నీళ్లు గంటల తరబడి వేడిగానే ఉంటాయి, ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే చేస్తే ఇంకా కలిసొస్తుంది. ట్యాంకు నిండుగా 60 డిగ్రీల నీళ్లుంటే చల్లనీళ్లు కలుపుకుని 20 లీటర్ల బకెట్లు రెండుకు పైనే వస్తాయి. మీకు అర బకెట్‌కే చల్లబడుతుంటే పైపులు తారుమారుగా కలిపారేమో చూడండి, నీలం రింగు చల్లనీళ్లు లోపలికి, ఎర్ర రింగు వేడినీళ్లు బయటికి.

వడ్డేపల్లి వాసి:

అందరికీ చాలా థాంక్స్. డమ్మీ వద్దని పక్కింటాయనకు చెప్పాను, నాబ్ ‘ఇ’ దగ్గరికి తెచ్చాం. కానీ అన్నా, స్విచ్ ఆపేసి రాత్రంతా వదిలేసినా చుక్కలు పడుతూనే ఉన్నాయి, అప్పుడేమిటి?

కాజీపేట ఎలక్ట్రీషియన్:

అలాగైతే అది వ్యాకోచం కాదు. వాల్వ్ లోపల ఇసుకో, సున్నపు పెచ్చో ఇరుక్కుని ఉంటుంది, కొత్త పైపుల్లో ఇది మామూలే. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు స్విచ్ ఆపి, వాల్వ్ మీదున్న చిన్న లివర్ ఎత్తి కొద్దిగా నీళ్లు ధారగా పోనిచ్చి వదులు, రెండు మూడు సార్లు చేస్తే చెత్త కొట్టుకుపోతుంది. అయినా ఆగకపోతే ప్రెషర్ పంపు ఉందా చూడు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచే అయితే పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ ప్రెషరే, వాల్వ్ సాధారణంగా 8 బార్‌కు తెరుచుకుంటుంది, ఎత్తు వల్ల కారే ప్రశ్నే లేదు. పంపు లేకుండా కారుతుంటే వాల్వే మార్చాలి, వారంటీలో అడుగు. ఇంకో మాట, ట్యాంకులో నీళ్లు తీసేసి మళ్లీ నింపితే స్విచ్ వేసే ముందు వేడినీళ్ల నల్లా తెరిచి, గాలి పోయి నీళ్లు ధారగా వచ్చేదాకా ఆగు, ఖాళీ ట్యాంకులో కరెంటు వేస్తే కాయిల్ కాలిపోతుంది.